రెండు మోకాళ్లకు రెండు గోలీలు

నా కాలు ఇరగ్గొట్టింది కోతి. గీ మాట చెప్తే జనగామల నవ్వని మనిషి లేడు. దవాఖానల ఎక్స్‌రే తీసేటాయన సుత మొకం అటు తిప్పుకొని నవ్విండు. నేను బస్సు కండక్టర్‌ను. జనగామ, పాలకుర్తి రూట్ల "ముందుకు జరుగుండ్రి, లోపల మస్తు జాగున్నది" అని ఒర్లి ఒర్లి గొంతు పెంచుకున్నదాన్ని. తాగొచ్చినోళ్లను, టికెట్ తీసుకోనోళ్లను నడి తొవ్వల దింపినదాన్ని. గసుంటి నన్ను ఒక కోతి కిందపడగొట్టింది. డాబా మీద ఎండబెట్టిన పల్లీలు ఎత్తుకపోతుంటే కట్టె పట్టుకొని ఎంటబడ్డ. ఆ కట్టె కోతికి తాకలే, మెట్ల మీద నా కాళ్లకే అడ్డంబడ్డది. నేను కింద పడి "ఓ అవ్వో" అని మొత్తుకుంటుంటే అది పిట్టగోడ మీద కూసోని, నన్ను చూసుకుంట, నిమ్మళంగ పల్లీలు ఒలుసుకొని తిన్నది. యాదికొస్తే ఇప్పటికీ యాష్టకొస్తది.

మోకాలి కింద పెద్ద బొక్క ఇరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ ఏసిండ్రు. ఇంటికి పంపే దినం డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నూ ఎదురుంగ పెట్టుకొని, ఒక గోలీల షీటు చేతిల పట్టుకొని చెప్పింది.

"ఇది మామూలు నొప్పి గోలి కాదు. నల్లమందు జాతిది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, గంతే. నొప్పి ఎక్కువైందని ఇంకోటి ఏసుకోవద్దు. నమలొద్దు, నూరొద్దు. నిద్ర గోలీలతోని కలుపొద్దు. తాగుడు బంద్, కల్లు సుత బంద్. కడుపు గట్టిపడ్తది, నీళ్లు మంచిగ తాగు, నేను రాసిన పొడి ఏసుకో. నొప్పి తగ్గినంక నేను చెప్పినట్టు తగ్గిచ్చుకుంట రావాలె. మిగిలిన గోలీలు ఇంట్ల దాసిపెట్టద్దు, వాపస్ తెచ్చియ్యుండ్రి. ముఖ్యమైన ముచ్చట ఏందంటే, ఇంకొకల్లకు ఒక్కటి సుత ఇయ్యద్దు. నీ కాలి నొప్పి తగ్గిచ్చే గోలి ఇంకొకల్ల ఊపిరి ఆపుతది. సమజైందా?"

నేను "సమజైంది" అన్న. మా ఆయన నెత్తి ఊపిండు. మా ఆయన ఏది చెప్పినా నెత్తి ఊపుతడు. ఆయనకు బస్టాండు కాడ చిన్న చాయ్ హోటలున్నది. పైసలున్నోళ్లకు పోస్తడు, లేనోళ్లకు పోస్తడు, చాయ్ తాగనోళ్ల చేతిల బిస్కెట్ పెడ్తడు. "ఇంటికొచ్చిన మనిషి ఉత్త చేతులతోని పోతే మనకు మంచిగనిపిస్తదానే" అంటడు. పెండ్లైన కాడికెల్లి గీ మాట ఇనుకుంటనే ఉన్న. మా ఇంట్ల గొడుగు నిలువదు, టార్చిలైటు నిలువదు, ఆఖరికి నా చెప్పులు సుత ఎవలో చుట్టానికి ఇచ్చి పంపిండు.

ఇగ నన్ను చూడొచ్చుడు షురువైంది. మా దిక్కు ఒకలు మంచాన పడ్డరంటే చుట్టుపక్కల ఊర్లన్ని కదులుతయి. బ్రెడ్డు ప్యాకెట్ పట్టుకొని వస్తరు, మంచం అంచుకు కూసుంటరు, ఎక్స్‌రేను ట్యూబులైటుకు అడ్డం పెట్టి డాక్టర్ల లెక్క చూస్తరు. ఎక్స్‌రే అయినంక గోలీల షీటు అడుగుతరు. "ఏం గోలి ఇచ్చిండ్రు, జర చూపియ్యి" అని తిప్పి తిప్పి చూసి, "గిది తెల్లది. మా మామకు ఎర్రది ఇచ్చిండ్రు. ఎర్రదే పవరు" అని తేల్చి చెప్తరు. అది అయినంక ఎవల నొప్పి వాళ్లు ముందట పెడ్తరు. మెడ నొప్పి, మడిమె నొప్పి, ఎన్నడో గుమ్మానికి తాకిన ఏలు నొప్పి. మా వాడకట్టుల గోలీలను కరివేపాకు లెక్క అడుక్కుంటం. జరం గోలి పక్కింట్ల దొరుకుతుంటే మందుల దుకాణం దాంక ఎవలు పోతరు?

చిట్యాల కెల్లి మా మేనత్త రెండు బస్సులు మారి వచ్చింది. నా కాలు దిక్కు చూడను సుత చూడలే, నోరు తెరిచి దవడ పన్ను చూపిచ్చింది.

"ఆపరేషన్ నొప్పినే తగ్గిచ్చిందంటే, ఈ పన్ను నొప్పి దానికెంత బిడ్డా? ఒక్కటియ్యి."

"ఇయ్య అత్తమ్మా. డాక్టరమ్మ వద్దన్నది."

"డాక్టరమ్మకు తెల్వకుంట ఇయ్యి."

"ఇయ్య అంటే ఇయ్య."

మా మేనత్త లేచింది. తెచ్చిన బ్రెడ్డు ప్యాకెట్‌ను మల్ల సంచిల ఏసుకొని చిట్యాల పోయింది. నాకు నవ్వాలనో ఏడ్వాలనో తెల్వలే, నవ్వితే కాలు గుంజుతుండె.

ఆమె పోయిన మర్నాడే మానుకోట కెల్లి మా ఆయన దోస్తు దిగిండు. మంచి మనిషే. "నాకు వద్దు చెల్లే, నాకేం నొప్పిలేదు. మా బర్రెకు కాలు వాసింది. మనిషికి ఒకటంటే బర్రెకు ఒక షీటు పడుతదేమో" అన్నడు. నేను డ్యూటీ మీదున్నట్టు "దిగు, దిగు, బండి ఆపిన, ఇక్కన్నే దిగు" అని ఒర్లిన. ఆయన గాబరాకు చెప్పులు ఇడిసిపెట్టి పోయిండు. మా ఆయన మటుకు ఆయన ఎనుక ఉరికి, చెప్పులతోని పాటు ఒక బ్రెడ్డు ప్యాకెట్ చేతిల పెట్టొచ్చిండు.

గప్పటి సంది షీటును నా మెత్త కింద పెట్టుకొని పండుకున్న. బీరువల పెట్టి తాళం ఏయొచ్చుగద అంటరేమో. బీరువ తాళంచెవి మా ఆయన మొలతాడుకు ఉంటది. ఆయన కాడున్న వస్తువ బజార్ల పెట్టినట్టే లెక్క.

ఆ గోలి సంగతి చెప్పాలె. ఏసుకున్న జరసేపటికి కాలు నాది కాదన్నట్టు అయితది. నెత్తి తేలికైతది. ఫ్యాను దిక్కు చూసుకుంట ఉత్తగనే నవ్వొస్తది. ఒకనాడు కోతి మీద సుత పాయిరం, జాలి పుట్టింది, పాపం దానికి ఆకలైందేమో అని కండ్లల్ల నీళ్లు తీసుకున్న. మంచిగ మెలకువున్నప్పుడు నాకు గసుంటి ఆలోచనలు రావు. ఇంక కడుపు ముచ్చట అడుగద్దు. డాక్టరమ్మ రాసిన పొడిని మొదలు పక్కకు పెట్టిన, పెద్ద పొరపాటు. బాత్రూంల కూసోని కోతిని, రాడ్‌ను, బ్రెడ్డు తెచ్చినోళ్లందరిని తిట్టిన. పొడి ఏసుకున్నంక ఇల్లంత శాంతమైంది.

గీ తీరుగ నడుస్తుంటే మా అక్క వచ్చింది.

మా అక్క నాకంటే పెద్దది. పాలకుర్తి దాటినంక ఒక ఊరు ఆమెది. నాట్లేసి, పత్తి ఏరి రెండు మోకాళ్లు అరిగినయి. చిన్నప్పటి సంది ఉబ్బసం, చలికాలమైతే ఊపిరి పిల్లనగ్రోవి లెక్క కూస్తది. నిద్రపట్టదని రాత్రి ఒక నిద్ర గోలి ఏసుకుంటది. పొద్దుమీకి కల్లు మండువ కాడికి పోయి రెండు గ్లాసులు తాగుతది. గది తాగుడని అంటే ఒప్పుకోదు. చెట్టు మీదికెల్లి దిగేది చలువ, దుకాణంల సీసలల్ల అమ్మేదే తాగుడు అంటది. కొట్లాటల మా అక్కకు పోటీ లేదు. నా గొంతు డ్యూటీల పెరిగిందని చెప్పిన గద, అబద్ధం. అది మా అక్కతోని చిన్నప్పటి సంది కొట్లాడి పెరిగిన గొంతు.

నాకు బలమని నాటుకోడిని పట్టుకొచ్చింది. కోడిని నా మంచం కోడుకు కట్టేసింది. నా కాలు ఒత్తింది, ఏడ్చింది, కోతిని శాపనాలు పెట్టింది. నాకు మస్తు సంబురమైంది. నేను గాక కోతిని తిట్టిన మొదటి మనిషి మా అక్కనే. ఆ సంబురంల గోలి ఏసుకుంట షీటు ఆమెకు కనవడనిచ్చిన.

"నాకొకటియ్యే" అన్నది.

"నీకియ్య అక్కా. నీకు అసలే ఇయ్య. ఉబ్బసం మనిషివి, రాత్రి నిద్ర గోలి, పొద్దుమీకి కల్లు. ఇది ఊపిరి ఆపుతది."

"నీ ఊపిరి ఆగనిది నా ఊపిరి ఆగుతదా? నేను నీకంటే గట్టిదాన్ని."

"గట్టి ముచ్చట కాదక్కా."

"నిన్ను సంకల ఏసుకొని తిప్పి తిప్పి నా మోకాళ్లు గిట్లయినయి. ఎంత బరువుండేదానివో! ఒక్క గోలి ఇయ్యనీకె నీకు పానం ఒప్పుతలేదు."

ఆమె మోకాళ్లు అరిగింది నన్ను ఎత్తుకున్నందుకట! నేను సుత ఊకోలే. నన్ను ఎత్తుకున్నదానికంటే కింద పడేసిందే ఎక్కువని అన్న. మాట మాట పెరిగింది. కోడి సుత మొత్తుకున్నది. లొల్లి నడుమల్నే గోలి పనిచేసి నాకు కన్ను మలిగింది. ఆమె ఏమన్నదో, నేనేమన్ననో సోయి లేదు.

లేచేవరకు పొద్దు వాలింది. మంచం కోడుకు కోడి ఉన్నది, అక్క లేదు. మెత్త కింద చెయ్యి పెడ్తే షీటు తిరగబడున్నది. తీసి చూసిన. పొద్దుగాల నేనేసుకున్న గోలి గుంత పక్కన ఇంకో రెండు గుంతలు ఖాళీగున్నయి.

"ఏమయ్యా!" అని పిలిచిన. మా ఆయన చాయ్ పట్టుకొని నవ్వుకుంట వచ్చిండు. "గోలీలు ఏవి?"

"వదినెకిచ్చిన" అన్నడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"రెండా?"

"మోకాళ్లు రెండాయె గదనే. ఒక్కటే ఇస్తే అది ఏ మోకాలికి పోవాలె? నారాజై పోతాంది పాపం. బొట్టు పెట్టి, రవికెగుడ్డల ముడేసి ఇచ్చిన. సంబురపడ్డది."

రవికెగుడ్డల! పసుపు కుంకుమ పెట్టి నా అక్కకు ఊపిరి ఆగే గోలీలు సాగనంపిండు నా మొగుడు. అందిన బ్రెడ్డు ప్యాకెట్లన్ని ఆయన మీదికి ఇసిరిన. నాకు కోపం కంటే బుగులు ఎక్కువైంది. పొద్దుమీకుతాంది. మా అక్క ఊర్ల కల్లు దించే యాళ్ల అది.

ఫోన్ చేసిన. కట్ చేసింది. మల్ల చేసిన, మల్ల కట్. మా అక్క నారాజైతే గంతే, పండుగ దాంక ఫోన్ ఎత్తది. గోలీలు ఏసుకున్నదా లేదా, తాగుతాందా, ఎట్ల తెలుస్తది? అక్కోళ్ల ఊర్ల కల్లుగీసే పోరగాడు యాదికొచ్చిండు, తమ్మీ అని పిలుస్త. రోజు నా బస్సులనే తిరుగుతడు, నంబరున్నది.

"తమ్మీ, ఏడున్నవ్?"

"చెట్టు మీదున్న అక్కా. దిగినంక చేస్త."

"దిగకు! ఆన్నే ఉండి చూడు. మండువల మా అక్క ఉన్నదా?"

"ఆగు… ఆ, ఉన్నది. మా ఇంటామె పోస్తాంది. గ్లాసు ఖాళీ చేసింది, ఇంకోటి పట్టింది."

"గుంజుకో!"

"తాటిచెట్టు మీదికెల్లి ఎట్ల గుంజుకోవాలె అక్కా?"

"ఒర్లు! తాగకు అని ఒర్లు!"

పాపం మంచి పోరగాడు. నడుముకు మోకు, ఒక చేతిల ఫోను, ఆ ఎత్తు మీదికెల్లి ఊరంత ఇనేటట్టు ఒర్లిండు: "పెద్దక్కా! తాగకు! నీ చెల్లె వద్దంటాంది! గ్లాసు కింద పెట్టు!" మండువల కూసున్నోళ్లందరు నెత్తి లేపి చూసిండ్రట. మా అక్క చేతిల గ్లాసు ఉలికిపాటుకు ఒలికిపోయిందట.

నిమిషం గాలే, నా ఫోన్ మోగింది. అక్క!

"నా పరువు తీస్తవా? చెట్లెక్కిచ్చి ఒర్లిపిస్తవా? నీ అసుంటి చెల్లె…"

"గోలీలు ఏసుకున్నవా?"

"ఏసుకున్న! రెండు మోకాళ్లకు రెండు! మంచిగ తగ్గింది, నీ కడుపు మండుతాందా?"

"కల్లు?"

"ఒక్క గ్లాసు. రెండోది నీ పుణ్యాన నేలపాలైంది." గిది అనుకుంట ఆమె నాలిక మొద్దుబారింది. "పోనీ తియ్యి… నాకు నిద్రొస్తాంది."

మా అక్క కొట్లాట నడుమల నిద్రొస్తాంది అనుడు నా జన్మల ఇనలే.

మా ఆయన ఇంకో ఫోన్ల డాక్టరమ్మకు చేసిండు. ఆమె సక్కగ చెప్పింది. నిద్రపోనియ్యద్దు, ఒక్కదాన్ని ఇడువద్దు, కక్కిపిచ్చేందుకు నోట్ల ఏం పోయొద్దు, అంబులెన్సుకు చెప్పుండ్రి, అది వచ్చేదాంక ఆగకుండ్రి, దగ్గరున్న దవాఖానకు దబ్బున ఉరుకుండ్రి, ఆక్సిజన్ పెడ్తరు, విరుగుడు సూది ఉంటే ఇస్తరు. మా ఆయన ఏడ్చుకుంట ఒక్కొక్కటి మల్ల చెప్పిచ్చుకున్నడు. గీ సారి ఉత్తగ నెత్తి ఊపలే.

మా ఆయన ఫోన్ల గివన్ని చెప్తే తమ్ముడు చెట్టు దిగిండు. ఊర్ల ఆటో నడిపే భాయి ఉన్నడు, అక్కను ఆటోల కూసోబెట్టి, పక్కన తమ్ముని ఇంటామె కూసోని, ఫోన్ అక్క చెవి కాడ పెట్టి పాలకుర్తి తొవ్వ పట్టిండ్రు. భాయి అటు ఆటో తోలుకుంట "సోనా నక్కో ఖాలా, సోనా నక్కో" అని, నిద్రపోకు పెద్దమ్మా అని, ఒక్కతీరుగ అంటున్నది నాకు ఇనబడుతాంది.

నేను మంచం మీద, కాలుల రాడు, చేతిల ఫోను. లేచి ఉరుకనీకె లేదు. మాట్లాడిపిచ్చాలె. మా అక్కను మాట్లాడిపిచ్చుడు అంటే ఒకటే తొవ్వ, కొట్లాట.

"అక్కా, నా పెండ్లిల పప్పుల ఉప్పెక్కువ ఏసింది నువ్వే."

"నేనెయ్యలే! మీ అత్తగారోళ్ల వంటోడు ఏసిండు!"

"నువ్వే. అందరు నీ పేరే చెప్పిండ్రు."

"ఎవడు చెప్పిండు? పేరు చెప్పు!"

నా పానం లేచొచ్చింది. ఇంకోటి అందుకున్న. ఆమె మొగుడు నా మొగని కంటే నల్లగున్నడన్న. ఆమె చేసిన సకినాలు పండ్లు ఇరగ్గొడుతయన్న. తిట్టింది. కానీ మాటకు మాటకు నడుమ జాగ పెరుగుతాంది. నడుమ నడుమ ఊపిరి సప్పుడు ఇనబడుతాంది, తక్కువ తక్కువైతాంది. "ఏయ్ అక్కా" అంటే "ఊఁ" అంటాంది. ఊఁ కొట్టుడు మా అక్కకు రాదు.

ఇగ ఆఖరి ముచ్చట తీసిన. మా ఇద్దర్ని కన్న అవ్వ ఎండి కడియాలు. అవ్వ పోయినంక అవి అక్క కాళ్లకు చేరినయి. నాకియ్యమని అవ్వ చెప్పిందని నేనంట, తనకని చెప్పిందని అక్క అంటది. ఆ కడియాల మీద రెండు పెండ్లిళ్లల్ల పక్కపక్కకు కూసోని ఎడమొకం పెడమొకం ఉన్నం. గా ముచ్చటెత్తితే మా అక్క పీనుగ సుత లేచి కొట్లాడుతదని మా ఆయన అంటడు.

"అక్కా, ఇను. అవ్వ కడియాలు నువ్వు దొంగతనంగ ఎత్తుకపోయినవ్. దొంగదానివి. ఇంటున్నవా? దొంగ!"

సప్పుడు లేదు. ఆటో ఇంజన్ ఇనబడుతాంది.

"అక్కా!"

"తీసుకోవే" అన్నది మెల్లగ. "నీకే… ఇస్త. తీసుకో."

మా అక్క కడియాలు ఇస్తనన్నది. ఇగ మా అక్క నాకు దక్కదని ఆ మాటతోనే అనిపిచ్చింది.

"వద్దు! నాకొద్దు! అవి నీయే అక్కా, అవ్వ నీకే ఇయ్యమన్నది, నేనే అబద్ధమాడిన! తిట్టు నన్ను! బాంచెన్, ఒక్క తిట్టు తిట్టక్కా!" అని ఒర్లిన. వాడకట్టంత వాకిట్ల నిలబడ్డది. కోడి మొత్తుకుంటాంది. మా ఆయన నా భుజం పట్టుకొని ఏడుస్తాండు.

"దవాఖాన వచ్చింది, స్ట్రెచర్ మీద ఏస్తాండ్రు" అన్నది తమ్ముని ఇంటామె. ఫోన్ కట్టయింది.

పాలకుర్తిల ఆక్సిజన్ పెట్టిండ్రు, సూదిచ్చిండ్రు, అంబులెన్సుల జనగామకు తీసుకొచ్చిండ్రు. మర్నాడు పొద్దుగాల మా ఆయన నన్ను చక్రాల కుర్చీల కూసోబెట్టి వార్డుకు తోసుకపోయిండు. అక్కను చూడొచ్చినోళ్లు షీటేది, ఏం గోలి, చూపియ్యి అంటుంటే మా ఆయన చేతులు రెండు ఎనుకకు కట్టుకొని, "ఎవలకేం చూపియ్య, ఎవలకేం ఇయ్య" అంటుండు. మిగిలిన గోలీలను గుడ్డసంచిల ఏసి నా మెడకు తగిలిచ్చిండు.

అక్క గోడకు ఒరిగి కూసున్నది. మొకం వాడిపోయింది. మాస్కు గడ్డం మీదికి గుంజుకొని నన్ను కింది నుంచి మీది దాంక చూసింది. నేను "ఎట్లున్నదక్కా?" అన్న.

"కడియాలు నీకిస్తనన్ననట. ఆటో భాయి చెప్పిండు."

"అన్నవ్."

"సోయిలేనప్పటి మాట చెల్లది" అన్నది, గొంతు బొంగురుగ, కోపంగ. "ఇయ్య. ఒక్కటి సుత ఇయ్య."

నేను ఆమె మంచం అంచుకు నెత్తి పెట్టి, వార్డంత ఇనేటట్టు ఏడ్చిన. "ఇయ్యకక్కా" అన్న. "ఎన్నటికీ ఇయ్యకు."